కల్లంలో పడ్డ బంతి

పర్చూరులో చీరాల రోడ్డు మీద టీ కొట్టు నాది. నా పేరు అంకమ్మరావు. నాకు అనుమానం జాస్తి, ముందే చెప్పేస్తున్నా. పాలవాడు రాగానే పాలలో వేలు ముంచి చూస్తా. కొత్త మనిషి బల్ల మీద కూచుంటే వాడి చేతుల మీదే కన్నేసి ఉంచుతా. అలాంటి నా కొట్టు ముందు రోజూ సాయంత్రం కూచుని కోతలు కోసేవాడు భావనారాయణ. యాభై దాటిన మనిషి, పొగాకు కాటా వేయడం ఆయన పని. ఆయన మాటల్లో నేను నమ్మేది ఒక్కటే, టీలో ఇంకాస్త పంచదార వెయ్యమనేది.

ఇది అరవై నాలుగులో సంగతి. ఎండలు ముదురుతున్నాయి, ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. మర్నాడు పొద్దున రోశయ్య మేస్త్రి కొత్త గ్రేడింగు షెడ్డు తెరవబోతున్నాడు. పొగాకు ఆకుని రంగు చూసి వేరు చేసే పని అది, ఊళ్ళో ఆడవాళ్ళకి మూడు నెలల కూడు. రోశయ్య నా కొట్టు దగ్గర టీ తాగుతుంటే పేరమ్మ వచ్చి, "నన్ను కూడా రమ్మంటారా మేస్త్రిగారూ?" అనడిగింది. రోశయ్య గ్లాసులోకి చూస్తూ "చూద్దాంలే పేరమ్మా" అన్నాడు. చూద్దాంలే అంటే వద్దులే అని అర్థం. ఆమెకీ తెలుసు. అయినా పోకుండా పక్కన బొగ్గుల గోతం మీద కూచుంది.

ఆమెని ఊళ్ళో బంతి పేరమ్మ అంటారు. ఎనిమిదేళ్ళ కిందట పొగాకు కంపెనీ దొర బంతి ఒకటి వచ్చి మిరప కల్లంలో పడింది. ఆ పక్కనే రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నది పేరమ్మ. బంతి మళ్ళీ కనపడలేదు. కల్లంలోనైనా షెడ్డులోనైనా సాయంత్రం ఇంటికి పోయేముందు ఆడకూలీలంతా మేస్త్రి ఎదట ఒడి దులిపి పోవాలి, అది ఆనవాయితీ. ఆ రోజు పేరమ్మ చేత రెండుసార్లు దులిపించారు. ఏమీ రాలలేదు. అయినా దొంగ అనే పేరు మాత్రం అంటుకుపోయింది. అప్పట్నుంచీ ఏ షెడ్డువాడూ పిలవలేదు. దాచుకోవడం దేనికి, ఆమె టీ తాగి వెళ్ళాక నేను కూడా గ్లాసులు లెక్కపెట్టుకునేవాణ్ణి.

అంతలో లారీ డ్రైవరు మార్కు వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. మద్రాసు హార్బరు దగ్గర అమెరికా ఓడవాళ్ళు ఏదో కర్రాట ఆడుతుంటే చూశానన్నాడు.

ఇంకేముంది, భావనారాయణ మీసం మీదకి చెయ్యి వెళ్ళింది.

"కర్రాటేంట్రా మార్కూ, దాన్ని బేస్‌బాల్ అంటారు. ఆ ఆటలో జీతం తీసుకుని ఆడిన మొనగాణ్ణి పక్కన పెట్టుకుని నువ్వు మద్రాసు కబుర్లు చెబుతున్నావు. యాభై నాలుగు నుంచి యాభై ఆరు దాకా మా కంపెనీకి జట్టు ఉండేది. హాపర్ దొర అని ఒకాయన, పొగాకు కొనడానికి అమెరికా నుంచి దిగాడు. వాళ్ళ దేశంలో మనుషులకి జీతాలిచ్చి ఆటాడిస్తారంట. ఇక్కడ కూడా అంతే చేశాడు. తొమ్మిదిమందిమి. పొద్దున కాసేపు పని, ఆ తర్వాత ఆట, మా జీతమంతా ఆటకే. ఇటు ఒంగోలు నుంచి అటు సత్తెనపల్లి దాకా అలాంటి జట్టు ఇంకోటి ఉందేమో కనుక్కో."

"అవతల జట్టే లేకపోతే ఎవరితో ఆడారయ్యా?" అన్నాడు రోశయ్య.

"అదే చెబుతున్నా, తొందరపడతారేంటి. ముందు ఆట తెలియాలిగా. నాలుగు మూలలా నాలుగు ఊక మూటలు పెడతారు. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కర్రతో కొడతాడు. కొట్టినవాడు ఆ నాలుగు మూటలూ వరసగా తొక్కుకుంటూ వస్తే ఒక చుట్టు. అవతలివాళ్ళు బంతి తెచ్చేలోపు ఎన్ని చుట్లయినా తిరగొచ్చు, అది హాపర్ దొర పెట్టిన రూలు. గుర్తుపెట్టుకోండి, బంతి వచ్చేదాకా చుట్లు లెక్కే. సరే, మొదటి ఏడు మేం మాలో మేమే ఆడుకున్నాం. ఒకరోజు బంతి నా నెత్తి మీదుగా పోతుంటే పైకండువా ఇలా విసిరి పట్టేశా. అంతే, పెద్దగా చెప్పుకునేది కాదు."

అంతవరకు నమ్మొచ్చు. అందుకే నాకు అనుమానం ఎక్కువైంది. మొదట నమ్మేది చెప్పి మనల్ని కూచోబెట్టడం ఆయనకి అలవాటు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కండువా ముచ్చట ఆ నోటా ఈ నోటా పడి మద్రాసు పోయింది, మద్రాసులో ఆగిన అమెరికా ఓడలో పడింది. ఓడవాళ్ళకి రోషం వచ్చింది. పొగాకు తూచేవాడు గుడ్డతో బంతి పట్టడమేంటని రైలెక్కి చీరాలలో దిగి, బళ్ళు కట్టించుకుని పర్చూరు వచ్చేశారు. వాళ్ళలో బంతి విసిరేవాడొకడు ఉన్నాడు, తాటిచెట్టంత మనిషి. వాడు విసిరితే బంతి కనపడదురా! గాలి మాత్రం తగులుతుంది. వాడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా విసిరిన గాలికి పక్క కల్లంలో పచ్చికాయలు ఎండి గలగలలాడాయి. మూడు రోజులు ఎండాల్సిన కాయ! రైతు వచ్చి దొరకి దణ్ణం పెట్టాడు, ఇంకో పూట ఆడించండి బాబూ, తడి సరుకు ఇంకా ఉంది అని."

"మరి బంతి కనపడకపోతే కొట్టడం ఎట్లా?" అన్నాడు మార్కు.

"వాసన పట్టి. నవ్వకు. అమెరికా తోలుకి ఒక వాసన ఉంటుంది. పొగాకు ఆకు వాసన చూసి ఏ పొలంలోదో చెప్పే ముక్కు నాది, తోలు ఒక లెక్కా? కళ్ళు మూసుకుని నిలబడ్డా. మామూలు కర్రలు ఆ దెబ్బకి ఆగవని దొర ప్రత్యేకంగా తుమ్మ మొద్దు చెక్కించి ఇచ్చాడు. ఇద్దరు మోసుకొచ్చి నా చేతిలో పెట్టారు. వాసన వచ్చింది, కొట్టాను. ఇక చూడు నా సామిరంగా! బంతి మబ్బులోకి దూరింది, మబ్బు చిల్లిపడింది, ఆ చిల్లిలోంచి కురిసిన వాన కొత్తపట్నం దగ్గర జాలర్ల పడవలు నింపింది. కావాలంటే వెళ్ళి అడగండి."

"కొత్తపట్నం ఎవరు పోతారులే," అన్నాడు రోశయ్య. "ఆ బంతి దిగిందా, అక్కడే ఉందా?"

"దిగింది మేస్త్రీ, దిగింది. దొర దగ్గర మిగిలిన ఆఖరి బంతి అది, దేశం మొత్తం మీద అలాంటిది ఇంకోటి లేదు. దిగి, దిగి, నేరుగా పక్క మిరప కల్లంలో పడింది. ఆ దెబ్బకి ఎర్రటి దుమ్ము లేచింది చూడూ, ఊరంతా కప్పేసింది. ఓడవాళ్ళు బంతి కోసం ఉరుకుతూ కల్లంలోకి దిగారు. పాపం, వాళ్ళకేం తెలుసు మన మిరప సంగతి! తుమ్ములు మొదలైనయి. పదకొండు తుమ్ములు ఒక్కసారే పడ్డాయి. కంపెనీ షెడ్డు మీద తాటాకు కప్పు లేచిపోయి పక్క ఊళ్ళో ఎవరిదో ఇంటి గోడల మీద చక్కగా కూచుంది. ఆ ఇంటాయన ఇప్పటికీ కప్పు నేయించుకోలేదు."

నేను పట్టుకున్నాను. "ఇందాక జట్టుకి తొమ్మిదిమంది అన్నావు. పదకొండు తుమ్ములెట్లా వచ్చాయి?"

"ఇద్దరు రెండేసిసార్లు తుమ్మారు," అన్నాడు రెప్ప కూడా వేయకుండా.

మార్కు పడీ పడీ నవ్వాడు. రోశయ్య కూడా మూతి తుడుచుకున్నాడు. పేరమ్మ మాత్రం నవ్వలేదు. కల్లం అన్న మాట వినపడగానే తలెత్తింది, అప్పట్నుంచీ ఆయన నోటి వంకే చూస్తున్నది.

"నేను మాత్రం పరుగు ఆపలేదు. రూలు గుర్తుందిగా, బంతి వచ్చేదాకా చుట్లు లెక్కే. వాళ్ళు వెతుకుతున్నారు, నేను తిరుగుతున్నా. వంద చుట్లయినయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బంతి కాయలతోపాటు గోనె బస్తాలో, అదే టిక్కీలో పడింది. ఆ టిక్కీ బండెక్కి గుంటూరు పోయింది, గుంటూరు నుంచి మద్రాసు, మద్రాసు నుంచి కొలంబో. మిరపకాయలు ఎగుమతి అవుతాయి కదా, బంతి కూడా ఎగుమతైంది. ఇక్కడ నేను ఆగితే ఓడిపోతాం. ఎట్లా ఆగను? మా ఆవిడ పక్కనే పరిగెడుతూ ముద్దలు నోట్లో పెట్టేది. మంగలి పరిగెడుతూ గడ్డం గీసేవాడు, ఒక్క గాటు పడితే ఒట్టు. నలభై ఒక్క రోజులు! ఎనిమిది వేల నాలుగు వందల పదహారు చుట్లు. నా కాళ్ళ కింద నేల దిగబడి దిగబడి పెద్ద గాడి పడింది. కాలవలవాళ్ళు వచ్చి కొలుచుకుని, ఎట్లాగూ తవ్వావుగా నాయనా అని దాంట్లోకి నీళ్ళు వదిలారు. ఊరి పడమట ఆ పిల్లకాలవ ఎవరు తవ్వారనుకుంటున్నారు మీరంతా?"

"నీ కాళ్ళేనంటావు," అన్నాడు రోశయ్య.

"కుడికాలు ఎక్కువ తవ్వింది, అందుకే కాలవ అక్కడక్కడ వంకర. కొలంబోలో ఎవరో ఆవిడ పులుసులోకి మిరపకాయలు తీస్తుంటే బంతి దొరికింది. పాపం మంచి మనిషి, పార్సెలు చేసి పంపించింది. బంతి వచ్చింది, నేను ఆగాను. ఓడవాళ్ళు నా కాళ్ళకి దణ్ణం పెట్టి పోయారు. అంకమ్మరావూ, ఇంకో టీ పొయ్యవయ్యా, అప్పటి దాహం ఇంకా తీరలేదు."

"నీ పేరు ఆ అమెరికా పుస్తకాల్లో ఎక్కిందా?" అన్నాడు మార్కు కళ్ళు తుడుచుకుంటూ. "బాబాయ్, నువ్వసలు ఆ జట్టు మొహం చూశావా అని నా అనుమానం. దొర బంగళా గోడ మీంచి తొంగి చూసుంటావు."

అక్కడ తగిలింది ఆయనకి. కాలవ తవ్వలేదంటే ఊరుకుంటాడు, మబ్బు చిల్లిపడలేదన్నా ఊరుకుంటాడు. జట్టులో లేవంటే మాత్రం మొహం ఎర్రబడింది. "ఒరేయ్, నేను జట్టులోవాణ్ణి! రెండేళ్ళు ఆడానురా!"

"అన్నా," అంది పేరమ్మ.

మగాళ్ళ కబుర్లలో ఆమె మాట కలపడం నేనెప్పుడూ చూడలేదు. అందరం అటు తిరిగాం.

"ఆ బంతి తిరిగొచ్చిందన్నావుగా. ఉందా నీ దగ్గర?"

"ఉండక? నాకే బహుమానంగా ఇచ్చారు."

"ఎవరు నమ్ముతారన్నా? చీరాల బజార్లో రబ్బరు బంతి కొని దాచుకుని ఇదే అంటావు."

"రబ్బరా!" అని లేచాడు భావనారాయణ. ఆయన ఇల్లు ఆ సందు చివరే. పంచె ఎగ్గట్టి విసవిసా నడుచుకుంటూ పోయాడు. టీ చల్లారకముందే చిన్న మూటతో తిరిగొచ్చాడు. మూట విప్పి బల్ల మీద పెట్టాడు.

నిజం బంతే. తెల్లటి తోలు పసుపు తిరిగిపోయింది, చుట్టూ ఎర్రదారంతో కుట్లు. ఒకవైపు నీలిసిరాతో ఇంగ్లీషు అక్షరాలు. ఆ కుట్ల సందుల్లో ఇంకా ఎర్రటి పొడి ఉంది. రోశయ్య చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడబోయి గట్టిగా తుమ్మాడు.

"చూశారా!" అని గంతేశాడు భావనారాయణ. "ఆ రాత హాపర్ దొర సొంత చేత్తో రాసింది. ఇప్పుడేమంటావురా మార్కూ?"

"ఇది ఇంకో బంతేమో," అంది పేరమ్మ నెమ్మదిగా. "దొర దగ్గర చాలా ఉండుంటాయి."

"ఒక్కటే ఉందని చెప్పానా లేదా! ఇదే అది. పర్చూరు మిరప కల్లంలో పడిన బంతి ఇదే. మా అమ్మ మీద ఒట్టు."

"ఆ కల్లంలోదే?"

"ఆ కల్లంలోదే! ఎన్నిసార్లు చెప్పాలి?"

పేరమ్మ లేచి నిలబడింది. కొంగు నడుంకి చుట్టి దోపుకుంది. ఆమె గొంతు పెద్దది కాదు గాని ఆ రోజు రోడ్డు అవతలికి వినపడింది.

"మేస్త్రిగారూ, విన్నారుగా. మూడుసార్లు చెప్పాడు. ఇప్పుడు నేను చెబుతా. ఆ రోజు బంతి పడింది నిజం. కొట్టింది మాత్రం ఎవరో ఎర్రమొహం మనిషి, వాడు అటు మూటల చుట్టూ పరిగెడుతున్నాడు. బంతి వెతకడానికి కల్లంలోకి వచ్చింది ఈయన. ఒక్కడే వచ్చాడు. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోమని నా కొంగు ఇచ్చాను. కొట్టినవాడు పరిగెడతాడు గాని, వెతకడానికి వస్తాడా అన్నా? నువ్వు చెప్పిన రూలేగా ఇది?"

భావనారాయణ ఖాళీ మూటగుడ్డ మడతపెట్టసాగాడు.

"రాశి మూడుసార్లు తిరగేసి, లేదమ్మా కనపడలేదు, అని పోయాడు. సాయంత్రం మా ఆడవాళ్ళందరి చేతా ఒడి దులిపించారు. నా చేత రెండుసార్లు దులిపించారు, మగాళ్ళు చూస్తుండగా. నేను ఏడుస్తుంటే ఈయన పక్కనే నిలబడి చూశాడు. మగవాడి పంచె ఎవరు దులుపుతారు? ఎనిమిదేళ్ళు! ఊళ్ళో కోడి పోతే నన్ను చూశారు, చెంబు పోతే నన్ను చూశారు. ఇక్కడ టీ తాగి లేస్తే ఈయన గ్లాసులు లెక్కపెడతాడు. నాకు తెలియదనుకుంటున్నాడు."

ఈయన అంటే నేను. పొయ్యిలో బొగ్గులు సర్దుతున్నట్టు తల దించేసుకున్నాను.

"కోతలు!" అని అరిచాడు భావనారాయణ. మొహమంతా చెమట. "అంతా కోతలే మేస్త్రీ! నేను ఎప్పుడైనా నిజం చెప్పానా? మార్కూ, నువ్వు చెప్పరా, నేను నోరు తెరిస్తే అబద్ధమేగా! ఈ బంతి కూడా అంతే. బజార్లో కొన్నాను. ఆ కారం మా ఇంటిది. నన్ను నమ్మొద్దయ్యా, మీకు దణ్ణం పెడతా, నన్ను నమ్మొద్దు!"

ఇన్నేళ్ళుగా నమ్మండి నమ్మండని ప్రాణం తీసినవాడు మొదటిసారి నమ్మొద్దని బతిమాలాడు. ఒక్కరం కూడా వినలేదు.

రోశయ్య బంతిని రెండు చేతుల మధ్యా తిప్పుతూ, "ఎందుకు తీశావయ్యా?" అన్నాడు. అరవలేదు, అడిగాడంతే.

భావనారాయణ బల్ల మీద కూలబడ్డాడు. ఈసారి మీసం మీదకి చెయ్యి పోలేదు. "రెండేళ్ళు ఉన్నాను మేస్త్రీ ఆ జట్టులో. ఒక్కనాడంటే ఒక్కనాడు కర్ర చేతికియ్యలేదు. కంపల్లో పడ్డ బంతి తే, కాలవలో పడ్డ బంతి తే, ఇదే నా ఆట. ఆ రోజు కాయల్లో అది చేతికి తగిలేసరికి, ఒక్కటైనా నాకు ఉండనీ అనిపించింది. కండువాలో చుట్టి చంకన పెట్టుకున్నా. ఈమె మీదకి పోతుందని అనుకోలేదు. పోయాక, చెబితే నా పని పోతుందని నోరు మూసుకున్నా."

ఇది నిజం. ఎట్లా తెలిసిందంటే, ఇంత చప్పటి మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. కాస్త జాలి కూడా వేసింది. పేరమ్మకి వేసినట్టు లేదు. ఆమె చెయ్యి చాచింది. రోశయ్య బంతి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు ఎత్తుకుపోయావు గాని, ఎనిమిదేళ్ళు దీన్ని మోసింది నేను," అంది. "ఇది నా దగ్గర ఉంటుంది. ఎవరడిగినా చూపిస్తా, ఎవరి దగ్గర దొరికిందో కూడా చెబుతా."

"రేపు పొద్దున్నే వచ్చెయ్ పేరమ్మా," అన్నాడు రోశయ్య. "మొదటి వరసలో కూచో."

"వస్తా మేస్త్రిగారూ. ఒక్క మాట. మీ షెడ్డులో కాటా వేసేది ఈయనేగా? సాయంత్రం ముందు ఈయన పంచె దులిపించండి. తర్వాత మేం దులుపుతాం."

రోశయ్య ఆలోచించాడు. పర్చూరులో ఏ షెడ్డులోనూ మగవాడు దులిపి పోయింది లేదు. భావనారాయణ వంక చూశాడు, పేరమ్మ వంక చూశాడు. "సరే," అన్నాడు.

మర్నాడు సాయంత్రం కొట్టు కట్టేసి నేను కూడా చూడ్డానికి పోయాను. ఊరు సగం అక్కడే ఉంది. భావనారాయణ అందరికన్నా ముందు వచ్చి నిలబడి, కండువా దులిపాడు, పంచె కుచ్చిళ్ళు దులిపాడు, కాస్త పొగాకు దుమ్ము రాలింది. వరసలో వెనకున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పేరమ్మ ఒక్కసారి ఒడి దులిపి, రెండోసారి అడిగినవాడు లేక, ఇంటిదారి పట్టింది.

నేను ముందే వచ్చి కొట్టు మళ్ళీ తెరిచాను, పోతూ పోతూ ఆమె ఆగితే టీ కాచి ఇచ్చాను. తాగి వెళ్ళాక అలవాటుకొద్దీ గ్లాసుల వైపు చెయ్యి పోయింది, సిగ్గేసి వెనక్కి తీసుకున్నాను. కాసేపటికి భావనారాయణ కూడా వచ్చాడు, పంచదార సంగతి ఎత్తకుండా తాగి వెళ్ళాడు. ఆయన సందు మలుపు తిరిగిందాకా ఆగి, అప్పుడు లెక్కపెట్టుకున్నాను.